ముద్ద దిగని ఏడు వారాలు

క్యాన్సర్ రోగి రేడియేషన్ బల్ల ఎక్కే నాటికి ఎంత బరువున్నాడు, అంతకు ఆరు నెలల ముందు ఎంత ఉన్నాడు అన్న రెండు అంకెల మధ్య తేడా అతని ఆయుష్షు గురించి చాలా చెబుతుంది. నోరు, గొంతు, స్వరపేటిక వంటి తల, మెడ భాగాల క్యాన్సర్‌కు రేడియేషన్ తీసుకున్న 1,340 మంది వివరాలను నెదర్లాండ్స్‌లోని ఆమ్‌స్టర్‌డామ్ పరిశోధకులు 2013లో ప్రచురించారు. చికిత్సకు ముందు బరువు తగ్గనివారిలో అయిదేళ్ల తర్వాత బతికి ఉన్నవారు 71 శాతం. అయిదు శాతం లోపు తగ్గినవారిలో 59, అయిదు నుంచి పది శాతం తగ్గినవారిలో 47, పది శాతం దాటి తగ్గినవారిలో 42. అరవై కిలోల మనిషికి పది శాతమంటే ఆరు కిలోలు. వేలి ఉంగరం జారుతుంది, జాకెట్టు వదులవుతుంది, ఇంట్లోవాళ్లు బెంగతో చిక్కిపోయిందనుకుంటారు. చాలా ఇళ్లలో ఆ మాట అంతటితో ఆగిపోతుంది.

ఈ అంకెలను ఉన్నవి ఉన్నట్టుగా చావుకు కారణం అనుకోకూడదు. కణితి పెద్దదైనకొద్దీ మింగడం కష్టమవుతుంది, బరువూ తగ్గుతుంది, ప్రాణాపాయమూ పెరుగుతుంది. అంటే బరువు తగ్గడం కొంతవరకు ముదిరిన జబ్బుకు గుర్తు మాత్రమే. ఆ పరిశోధకులూ ఈ సంగతి చూసుకున్నారు. వ్యాధి దశ వంటి ఇతర కారణాలను లెక్కలో సర్దిన తర్వాత కూడా, పది శాతం మించి తగ్గినవారికి మరణ ముప్పు 1.7 రెట్లుగానే మిగిలింది. బరువు తగ్గడంలో కొంత భాగం గుర్తు, కొంత భాగం కారణం. ఎంత వరకు గుర్తు, ఎంత వరకు కారణం అన్నదే ఈ విషయంలో అసలు ప్రశ్న.

క్యాన్సర్ మనిషిని కరిగించేస్తుందన్న సంగతి కొత్తదేమీ కాదు. 1932లో అమెరికా పెథాలజిస్టు షీల్డ్స్ వారెన్ క్యాన్సర్‌తో చనిపోయిన 500 మంది శవపరీక్షలను పరిశీలించి, అయిదుగురిలో ఒకరికి పైగా చివరికి ఈ కృశింపుతోనే పోయారని తేల్చాడు. 1980లో విలియం డివైస్ బృందం మూడు వేలకు పైగా రోగుల లెక్క తీసింది. వీళ్లు కీమోథెరపీ మొదలుపెట్టబోతున్నవాళ్లు. కొన్ని నెమ్మది రకం లింఫోమాలలో ముప్పై శాతం మంది, జీర్ణాశయ క్యాన్సర్‌లో ఎనభై శాతానికి పైగా మంది అప్పటికే బరువు కోల్పోయి ఉన్నారు. తగ్గనివారితో పోలిస్తే వీళ్ల ఆయుర్దాయం తక్కువ. ఆ తర్వాతి దశాబ్దాల్లో ఏ దేశంలో ఎవరు లెక్క తీసినా ఫలితం ఇదే దారిలో వచ్చింది.

ఉపవాసంతో చిక్కడం వేరు, క్యాన్సర్‌తో చిక్కడం వేరు. పస్తులున్న ఒళ్లు పొదుపు నేర్చుకుంటుంది. ముందు కొవ్వును కరిగించి, కండను వీలైనంత కాలం దాచుకుంటుంది, ఖర్చు తగ్గించుకుంటుంది. మళ్లీ అన్నం పెడితే కోలుకుంటుంది. క్యాన్సర్‌లో ఈ పొదుపు తప్పిపోతుంది. కణితి, దానితో పోరాడే రోగనిరోధక కణాలు కలిసి ఒంట్లో ఒక వాపు స్థితిని రగిలిస్తాయి. ఇంటర్‌ల్యూకిన్-6, టీఎన్‌ఎఫ్ వంటి పదార్థాలు రక్తంలో తిరుగుతూ మెదడులో ఆకలిని అణచివేస్తాయి, కండలోని ప్రోటీన్‌ను విడగొడతాయి. టీఎన్‌ఎఫ్‌కు మొదట్లో ‘కేకెక్టిన్’ అనే పేరు కూడా ఉండేది. కృశింపజేసేదని అర్థం. రెండూ ఒకటేనని 1985లో తేలింది. ఈ స్థితిని వైద్యులు కేకెక్సియా అంటారు. 2011లో నిపుణులు ఒప్పుకున్న నిర్వచనం ప్రకారం, ఆరు నెలల్లో అయిదు శాతం మించి బరువు తగ్గితే కేకెక్సియా ఉన్నట్టే. ముందునుంచే బక్కగా ఉన్నవాళ్లకు, కండ తగ్గినవాళ్లకు రెండు శాతం దాటినా చాలు. మామూలు తిండి ఒక్కటే దీన్ని పూర్తిగా వెనక్కి తిప్పలేదన్న మాట కూడా ఆ నిర్వచనంలోనే ఉంది.

అందుకే లావుగా కనిపించే మనిషిని చూసి ధీమా పడకూడదు. కెనడాలోని ఆల్బెర్టాలో కార్లా ప్రాడో బృందం ఊబకాయమున్న 250 మంది క్యాన్సర్ రోగుల సీటీ స్కాన్‌లు తీసుకుని, నడుము ఎముక దగ్గర కండ ఎంత ఉందో కొలిచింది. ప్రతి ఏడుగురిలో ఒకరికి కొవ్వు కింద కండ దాదాపు అడుగంటి ఉంది. వాళ్లు బతికిన కాలం మిగతావాళ్లతో పోలిస్తే సగం. పొట్ట అలాగే ఉంటుంది, జబ్బలు మాత్రం సన్నబడతాయి, కణతల దగ్గర గుంటలు పడతాయి. తూకం మెషీన్ ఈ తేడాను పట్టుకోలేదు. చేత్తో తడిమి చూసేవాళ్లు పట్టుకుంటారు.

రేడియేషన్‌తో ఈ కథకు సంబంధం రోజుల లెక్క దగ్గర మొదలవుతుంది. తెలుగు ఊళ్లలో ‘కరెంటు పెట్టడం’ అనే ఈ చికిత్స ఒక్కసారితో అయ్యేది కాదు. గొంతు క్యాన్సర్‌కు మామూలుగా 70 గ్రే మోతాదు ఇస్తారు. రోజుకు 2 గ్రే చొప్పున, వారానికి అయిదు రోజులు, 35 విడతలు, మొత్తం ఏడు వారాలు. నోటి క్యాన్సర్‌కు ఆపరేషన్ అయ్యాక ఇచ్చేదయితే 30 నుంచి 33 రోజులు. మోతాదును ఇలా ముక్కలు చేయడం వల్ల మంచి కణాలకు రాత్రికి రాత్రి మరమ్మతు చేసుకునే వ్యవధి దొరుకుతుంది. క్యాన్సర్ కణాలకు ఆ నేర్పు తక్కువ. అయితే అవీ ఊరికే కూర్చోవు. చికిత్స మొదలైన నాలుగు వారాల తర్వాత మిగిలిన క్యాన్సర్ కణాలు జోరందుకుని పెరగడం మొదలుపెడతాయని 1988లో రాడ్నీ విథర్స్ బృందం చూపింది. ఆ పెరుగుదలను అణచడానికే రోజుకు 0.6 గ్రే అదనంగా కావాలి. అంటే నాలుగో వారం తర్వాత మధ్యలో ఆపిన ప్రతి రోజూ కణితికి ఇచ్చిన సెలవే. ఒక్క రోజు ఆలస్యానికి కణితి అదుపులో ఉండే అవకాశం ఒక శాతం పైచిలుకు తగ్గుతుందని పలు అధ్యయనాలను కలిపి వేసిన అంచనా.

సరిగ్గా ఆ రోజుల్లోనే నోరు మూతపడుతుంది. మొదటి వారం ఏమీ తెలియదు. ‘ఇంతేనా, దీనికా భయపడింది’ అనుకుంటారు. రెండో వారంలో నాలుక రుచి తప్పుతుంది. పప్పు మట్టిలా, కాఫీ తుప్పులా అనిపిస్తుంది. లాలాజలం చిక్కబడి తీగలు సాగుతుంది. మూడో వారానికి నోరు పూస్తుంది. బుగ్గల లోపల ఎర్రబడి, తర్వాత తెల్లటి పొర కట్టి, మంచినీళ్లు తగిలినా మండుతుంది. ఉప్పు, కారం, చింతపండు పులుపు తెలుగు నాలుకకు ప్రాణం. ముందు దూరమయ్యేవి ఆ మూడే. వారం వారం సిస్‌ప్లాటిన్ అనే కీమోథెరపీ ఇంజెక్షన్ కూడా ఉంటే దానికి వాంతులు తోడు. నాలుగు, అయిదు వారాలకు గుక్క మింగడమంటే పెద్ద పని. రోగి గ్లాసు చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చుంటాడు, ఒక గుక్క తాగి కళ్లు మూసుకుంటాడు, మిగిలింది పక్కన పెడతాడు. ఇంట్లోవాళ్లు ‘ఇంకొంచెం’ అంటారు, అతను తల అడ్డంగా ఊపుతాడు. ఈ దృశ్యం ఏ రేడియేషన్ ఆసుపత్రి వరండాలోనైనా కనిపించేదే.

తిండి తగ్గితే మిషను పనిలోనూ తేడా వస్తుంది. మెడకు రేడియేషన్ తీసుకునేవాళ్లకు మొదటి రోజే ముఖానికి మాస్కు తయారుచేస్తారు. చిల్లుల ప్లాస్టిక్ రేకును వేడినీళ్లలో మెత్తబరిచి, పడుకున్న మనిషి ముఖం, మెడ, భుజాల మీద పరిచి అదుముతారు. కొద్ది నిమిషాల్లో అది చల్లారి ముక్కు, గడ్డం ఆనవాళ్లతో గట్టిపడుతుంది. ప్రతి రోజూ ఆ మాస్కును బల్లకు బిగించి తలను కదలకుండా పట్టి ఉంచుతారు. కిరణాలు ఏ కోణంలో, ఎంత లోతుకు పోవాలన్న ప్లానంతా ఆ మొదటి రోజు ఒళ్లు చూసి, సీటీ తీసి వేసింది. నెల తిరిగేసరికి అయిదారు కిలోలు తగ్గితే మాస్కుకీ చెంపకీ మధ్య వేలు దూరేంత సందు పడుతుంది. మెడ సన్నబడుతుంది, కణితి కుదించుకుపోతుంది, చెవి కింది లాలాజల గ్రంథులు చిన్నవై లోపలికి జరుగుతాయి. కిరణాల దారి మాత్రం పాత ఒంటి కొలతలతోనే ఉంటుంది. కణితికి పడాల్సింది కొంత తప్పి, కాపాడాల్సిన గ్రంథికో వెన్నుపాముకో కొంత ఎక్కువ పడే ప్రమాదం ఉంది. అప్పుడు మళ్లీ సీటీ, కొత్త మాస్కు, కొత్త ప్లాను. రద్దీ ఎక్కువ ఉన్న ఆసుపత్రుల్లో దానికి మరికొన్ని రోజులు పోతాయి. తినలేక చిక్కడం, చిక్కడం వల్ల చికిత్స ఆగడం, ఆగితే కణితి తేరుకోవడం. బరువు కారణంగా మారే దారుల్లో స్పష్టంగా కనిపించేది ఇదే.

ఆమ్‌స్టర్‌డామ్ లెక్కలో దీనికీ ఒక అంకె ఉంది. చికిత్స మొదలైన ఎనిమిది వారాల్లో అయిదు శాతం దాటి, లేదా పన్నెండు వారాల్లో ఏడున్నర శాతం దాటి బరువు తగ్గినవాళ్లలో అయిదేళ్లు బతికినవారు 62 శాతం, అంతగా తగ్గనివాళ్లలో 70. తేడా ఉంది, కానీ చికిత్సకు ముందు తగ్గిన బరువు చూపిన తేడా అంత పెద్దది కాదు. అంటే నోరు పూసిన తర్వాత పరుగులు పెట్టడం కన్నా బయాప్సీ రిపోర్టు వచ్చిన రోజు నుంచే తిండి సంగతి చూడటం ఎక్కువ పని చేయవచ్చు. ఆచరణలో జరిగేది దీనికి తలకిందులు. స్కాన్లకు, రిపోర్టులకు, ఆరోగ్యశ్రీ అనుమతికి, ఊరి నుంచి రాకపోకలకు పోయే ఆ మూడు నాలుగు వారాల్లో తిండి ఎవరి పనీ కాకుండా పోతుంది.

తెలుగు నేలకు ఈ విషయంతో ఉన్న సంబంధం పొగాకు, వక్కల ద్వారా వచ్చింది. శ్రీకాకుళం తీరంలో చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చే ‘అడ్డపొగ’ అలవాటు ఆడవాళ్లలో ఎక్కువ. డెన్మార్క్ పరిశోధకుడు జెన్స్ పిండ్‌బోర్గ్, ముంబయి వైద్యులతో కలిసి ఈ ప్రాంతంలో 10,169 మంది గ్రామీణుల నోళ్లు పరీక్షించి, అంగిట్లో కనిపించే మార్పులను 1971లో నమోదు చేశాడు. ఇప్పుడు గుట్కా, ఖైనీ ఆ స్థానంలోకి వచ్చాయి. వక్క నమిలేవాళ్లలో కొందరికి క్యాన్సర్ కన్నా ముందే బుగ్గల లోపలి పొర తోలులా బిగుసుకుపోతుంది. మామూలు మనిషి నోట్లో నిలువుగా మూడు వేళ్లు పడతాయి, వీళ్లకు రెండు వేళ్లు పట్టడమే కష్టం. అలాంటివాళ్లు అప్పటికే ఏళ్లుగా కారం మానేసి, మెత్తని అన్నం మాత్రమే తింటుంటారు. రేడియేషన్‌తో దవడ కండరాలు ఇంకా బిగుసుకుంటాయి. ఆసుపత్రి గుమ్మం తొక్కేసరికే ఒంట్లో నిల్వ లేని రోగులు వీళ్లు. పాశ్చాత్య దేశాల అధ్యయనాల్లోని సగటు రోగి కన్నా పది, పదిహేను కిలోలు తక్కువతో మొదలయ్యే మనిషికి అదే అయిదు శాతం మరింత భారంగా తగులుతుంది.

పోషణ స్థితిని కొలవడానికి ఖరీదైన యంత్రాలు అక్కర్లేదు. 1987లో టొరంటో వైద్యులు వివరించిన ఒక పద్ధతి ఇప్పటికీ వాడుకలో ఉంది. బరువు ఎలా మారింది, ఏం తినగలుగుతున్నాడు, వాంతులు, విరేచనాలున్నాయా, పని చేసుకోగలుగుతున్నాడా అని అడిగి, భుజాలు, తొడల కండ, పాదాల నీరు చూసి రోగిని మూడు తరగతుల్లో ఒకదానిలో పెడతారు. దాన్నే క్యాన్సర్ రోగులకు తగ్గట్టు మార్చి, ప్రశ్నల్లో సగం రోగే నింపేలా ఫెయిత్ ఆటరీ 1990లలో మార్కుల పట్టిక తయారుచేశారు. 9 మార్కులు, ఆపైన వస్తే వెంటనే చర్య తీసుకోవాలని అర్థం. వీటన్నిటికన్నా సులువైనది వారం వారం అదే మెషీన్ మీద, చెప్పులు విప్పి తూచి కేసు షీటు మీద రాయడం. రెండు నిమిషాల ఈ పని చాలాచోట్ల ఎవరిదో తేలక వదిలేస్తారు.

రక్తపరీక్షలో ఆల్బుమిన్ మీద మాత్రం అపోహలెక్కువ. డెసిలీటరుకు 3.5 గ్రాముల కన్నా తగ్గితే ‘ప్రోటీన్ తగ్గింది’ అని చెప్పడం, దానికి ఆల్బుమిన్ సీసాలు ఎక్కించమని ఇంట్లోవాళ్లు అడగడం మామూలే. ఆల్బుమిన్‌ను లివరు తయారుచేస్తుంది. ఒంట్లో వాపు స్థితి ఉంటే ఆ తయారీ తగ్గుతుంది, రక్తనాళాల నుంచి బయటికీ జారిపోతుంది. అంటే అది తిండి కన్నా జబ్బు తీవ్రతను ఎక్కువగా చెబుతుంది. ఆల్బుమిన్ తక్కువ, వాపు స్థితిని చూపే సీఆర్‌పీ ఎక్కువ ఉన్నవాళ్లు తక్కువకాలం బతుకుతారని గ్లాస్గో వైద్యులు చాలా క్యాన్సర్లలో చూపారు. కానీ సీసా ఎక్కించి అంకెను పెంచితే కండ పెరగదు.

అంకెను సరిచేయడం వేరు, రోగిని బాగుచేయడం వేరని చూపే కథ రక్తహీనతలో ఉంది. కిరణాలు కణంలో పుట్టించే దెబ్బ శాశ్వతమవడానికి ప్రాణవాయువు కావాలి. ఆక్సిజన్ అందని కణితి కణాన్ని చంపాలంటే రెండున్నర నుంచి మూడు రెట్ల మోతాదు పడుతుంది. హిమోగ్లోబిన్ తక్కువ ఉన్న రోగులకు రేడియేషన్ సరిగా పనిచేయకపోవడానికి ఇదొక కారణమని, హిమోగ్లోబిన్ పెంచితే చాలని అందరూ భావించారు. 2003లో జర్మనీ వైద్యుడు మైకేల్ హెంకే బృందం 351 మంది తల, మెడ క్యాన్సర్ రోగులకు ఎరిత్రోపోయెటిన్ ఇచ్చి, ఇవ్వకుండా పోల్చి చూసింది. మందు తీసుకున్నవాళ్లకు హిమోగ్లోబిన్ చక్కగా పెరిగింది, కణితి అదుపు మాత్రం అధ్వాన్నమైంది. పోషణ విషయంలోనూ ఈ జాగ్రత్త అవసరం. బక్కవాళ్లు తొందరగా పోతున్నారు కాబట్టి బరువు పెంచితే బతుకుతారనే వాదన, పరీక్షించి చూసేవరకు వాదనే.

పరీక్షించినవాళ్లు ఉన్నారు. ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో లిజ్ ఐసెన్‌రింగ్ బృందం 60 మంది రేడియేషన్ రోగులను రెండు గుంపులు చేసింది. ఒక గుంపును డైటీషియన్ వారం వారం పలకరిస్తూ తిండి సర్దారు, రెండో గుంపుకు మామూలు సలహా, కరపత్రం. పన్నెండు వారాలకు మొదటి గుంపు సగటున అరకిలో కూడా తగ్గలేదు, రెండో గుంపు నాలుగున్నర కిలోలకు పైగా తగ్గింది. పోర్చుగల్‌లోని లిస్బన్‌లో పౌలా రావస్కో, పెద్దపేగు, మలాశయ క్యాన్సర్‌కు రేడియేషన్ తీసుకునే 111 మందిని మూడు భాగాలు చేసింది. ఒక భాగానికి మామూలు ఇంటి తిండితోనే, వాళ్ల అలవాట్లకు తగినట్టు సలహా. ఇంకో భాగానికి ప్రోటీన్ డబ్బా పానీయాలు. మూడోవాళ్లకు ఇష్టం వచ్చినట్టు తినమని చెప్పారు. డబ్బా పానీయాల లాభం చికిత్స అవగానే తగ్గిపోయింది, ఇంటి తిండి సర్దుకున్నవాళ్లది నిలిచింది. ఏళ్ల తర్వాత, 2012లో వెలువరించిన లెక్కలో వాళ్ల ఆయుర్దాయం మధ్యస్థంగా 7.3 ఏళ్లు, డబ్బా గుంపుది 6.5, మూడో గుంపుది 4.9. ఒకే ఆసుపత్రిలో, కొద్దిమంది మీద చేసిన ఈ అధ్యయనం తిండి ఆయుష్షు పెంచుతుందని ఢంకా బజాయించి చెప్పడానికి చాలదు. కానీ చికిత్స పూర్తి కావడం, బాధలు తగ్గడం, మంచం పట్టకపోవడం విషయంలో ఇలాంటి అధ్యయనాలు ఒకే వైపు మొగ్గుతాయి. ఆస్ట్రేలియాలోనే 307 మంది తల, మెడ క్యాన్సర్ రోగులతో జరిగి 2019లో వెలువడిన మరో అధ్యయనంలో, రోగిని మాటలతో ఎలా ఒప్పించాలో డైటీషియన్లకు నేర్పారు. బరువు తక్కువ తగ్గింది, చికిత్సలో అంతరాయాలూ, దిగులూ కూడా తగ్గాయి.

కేకెక్సియాకు మందుల వేట వేరుగా సాగుతోంది. ఆకలి పెంచే అనమోరెలిన్‌కు జపాన్ 2021లో అనుమతిచ్చింది. జీడీఎఫ్-15 అనే ఆకలిని చంపే ప్రోటీన్‌ను అడ్డుకునే పోన్సెగ్రోమాబ్ ఇంజెక్షన్‌తో 187 మంది మీద జరిగిన పరీక్షలో బరువు పెరిగినట్టు 2024లో వచ్చింది. ఇవి బరువు పెంచుతున్నాయి, ఆయుష్షు పెంచుతున్నట్టు ఇంకా రుజువు కాలేదు.

ఇక వంటింటి లెక్క. ఐరోపా పోషణ నిపుణుల సంఘం సిఫార్సు కిలో బరువుకు రోజుకు 25 నుంచి 30 కెలోరీలు, 1 నుంచి 1.5 గ్రాముల ప్రోటీన్. యాభై కిలోల మనిషికి 1,250 నుంచి 1,500 కెలోరీలు, 50 నుంచి 75 గ్రాముల ప్రోటీన్ అన్నమాట. నోరు పూసిన రోగికి మన ఇళ్లలో ముందుగా వచ్చేది రాగి జావ, తర్వాత కొబ్బరి నీళ్లు, గంజి, పళ్లరసం. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల ప్రకారం వంద గ్రాముల రాగుల్లో ప్రోటీన్ ఏడు గ్రాములే. ముప్పై గ్రాముల పిండిని నీళ్లలో కాచిన గ్లాసు జావలో వంద కెలోరీలు, రెండు గ్రాముల ప్రోటీన్ ఉంటాయి. రోజుకు నాలుగు గ్లాసుల జావ, రెండు కొబ్బరి బోండాలు తాగినా మొత్తం అయిదు వందల కెలోరీలు, ఎనిమిది, తొమ్మిది గ్రాముల ప్రోటీన్. కడుపు నిండినట్టే ఉంటుంది, వారానికి కిలో దాకా తగ్గుతూనే ఉంటాడు. అదే జావను నీళ్లకు బదులు గ్లాసు గేదె పాలతో కాచి, చెంచా నెయ్యి, చిన్న బెల్లం ముక్క వేస్తే నాలుగు వందల కెలోరీలకు దగ్గరవుతుంది, ప్రోటీన్ తొమ్మిది గ్రాములకు పైగా. తాగాల్సిన గుక్కలు మాత్రం అన్నే. గుక్క గుక్కకూ నొప్పి భరించే మనిషికి ఆ గుక్కలో ఏముందన్నది ముఖ్యం.

ఇలాంటి మార్పులు చాలా ఉన్నాయి. మెత్తగా ఉడికించిన పెసరపప్పులో గుడ్డు కొట్టి కలిపి ఉడకనివ్వడం, వేయించి తొక్క తీసిన వేరుశనగపప్పును మెత్తగా రుబ్బి జావలో కలపడం, ఇడ్లీని కారం లేని పప్పుకట్టులో నానబెట్టడం, మీగడ పెరుగుతో మెత్తగా పిసికిన అన్నం. ఒక గుడ్డులో ఆరు గ్రాముల ప్రోటీన్ ఉంటుంది. వేడి తగ్గాక తినాలి, రెండు గంటలకోసారి కొంచెం కొంచెం. తినడానికి అరగంట ముందు డాక్టరిచ్చిన నొప్పి మందు వేసుకుంటే తేడా తెలుస్తుంది. రోజుకు అయిదారుసార్లు ఉప్పు, వంటసోడా కలిపిన గోరువెచ్చని నీళ్లతో పుక్కిలిస్తే జిగట వదులుతుంది.

అడ్డం వచ్చేది పథ్యం. జబ్బు చేస్తే తిండి తగ్గించాలన్న పాత అలవాటు జ్వరానికి నాలుగు రోజులు చెల్లింది. ఏడు వారాల రేడియేషన్‌కు అదే పథ్యం పెడితే మనిషి మిగలడు. గుడ్డు వేడి, పెరుగు కఫం, మాంసంతో పుండు చీము పడుతుంది, వంకాయ దురద అంటూ ఒక్కొక్కటే తీసేస్తే పళ్లెంలో చారన్నం మిగులుతుంది. కొత్తగా ఫోన్ల ద్వారా వచ్చిన పథ్యం చక్కెరది. క్యాన్సర్ కణాలు గ్లూకోజ్‌ను ఎక్కువగా వాడుకుంటాయని ఒట్టో వార్‌బర్గ్ 1920లలోనే గమనించాడు. పెట్ స్కాన్ పనిచేసేదీ దాని మీదే. కానీ తిండిలో తీపి మానేస్తే కణితి ఆకలితో చస్తుందనడానికి ఆధారం లేదు. తిండి రాకపోతే ఒళ్లు కండను కరిగించి గ్లూకోజ్ తయారుచేస్తుంది, కణితికి అందేది అందుతూనే ఉంటుంది. మధుమేహం ఉన్నవాళ్ల సంగతి వేరు, వాళ్లకు షుగరు అదుపులో పెడుతూనే కెలోరీలు తగ్గకుండా చూడాలి.

నోటితో సరిపడా తినలేకపోతే ముక్కు నుంచి జీర్ణాశయానికి గొట్టం వేస్తారు. లండన్ వైద్యుడు జాన్ రైల్ 1921లో వర్ణించిన గొట్టం పేరుతోనే ఇప్పటికీ అందరూ ‘రైల్స్ ట్యూబ్’ అంటారు. నెల దాటి అవసరమయ్యేలా ఉంటే పొట్ట మీద చిన్న రంధ్రం చేసి నేరుగా వేసే పెగ్ మేలు. క్లీవ్‌లాండ్‌లో 1979లో మొదలైన పద్ధతి ఇది. గొట్టం పేరెత్తగానే ‘ఇక చివరిదాకా వచ్చిందా’ అని కుటుంబం బెదిరిపోతుంది. నిజానికి అది చికిత్స పూర్తి కావడానికి వేసే తాత్కాలిక వంతెన. పాలు, పప్పుకట్టు, గుడ్డు, జావ మిక్సీలో తిప్పి వడకట్టి, సిరంజితో నెమ్మదిగా, తల ఎత్తి కూర్చోబెట్టి పోయవచ్చు. పోసిన ప్రతిసారీ నీళ్లతో గొట్టం కడగాలి, లేకపోతే పిండి గడ్డకట్టి మూసుకుపోతుంది. రెండు జాగ్రత్తలు ముఖ్యం. చాలా రోజులు దాదాపు పస్తులున్న మనిషికి ఒక్కసారిగా నిండా పోస్తే రక్తంలో ఫాస్ఫేట్, పొటాషియం పడిపోయి గుండె లయ తప్పవచ్చు, అందుకే కొద్దికొద్దిగా పెంచుతారు, థయామిన్ ఇస్తారు. గొట్టం ఉందని మింగడం పూర్తిగా మానేస్తే గొంతు కండరాలు పని మరచిపోతాయి. రోజూ కొన్ని గుక్కలైనా నోటితో మింగించడం అందుకే.

మిగతా చోట్ల రేడియేషన్‌తో చిక్కులు వేరే రకం. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు కటి భాగం మీద అయిదు వారాలు ఇచ్చేటప్పుడు పేగులు తట్టుకోలేక విరేచనాలు పడతాయి. పాలు పడకపోతే పెరుగు, మజ్జిగ నయం. పచ్చి కూరలు, పీచు ఎక్కువున్నవి కొన్నాళ్లు తగ్గిస్తారు, నీళ్లు, ఉప్పు తగ్గకుండా చూస్తారు. అన్నవాహిక క్యాన్సర్‌లో ముందే మెతుకు దిగదు, గొట్టం అవసరం అందరికన్నా ముందు వస్తుంది. రొమ్ము క్యాన్సర్‌కు ఇచ్చే రేడియేషన్‌లో తిండికి పెద్ద ఆటంకం ఉండదు, అక్కడ బరువు పెరగడమే సమస్య.

చివరి విడత అయిన రోజు మాస్కును ఇంటికి తెచ్చుకునేవాళ్లున్నారు, అక్కడే పారేసి వచ్చేవాళ్లున్నారు. కష్టం మాత్రం ఆ రోజుతో ఆగదు. నోటిపూత తర్వాతి వారం, రెండు వారాల్లో ఇంకా ముదిరి, ఆపైన మెల్లగా మానుతుంది. అందరూ ఊపిరి పీల్చుకుని ఇంటికెళ్లిన ఆ వారాల్లోనే చాలామంది మిగిలిన కిలోలు పోగొట్టుకుంటారు. రుచి రెండు మూడు నెలల్లో కొంచెం కొంచెంగా తిరిగొస్తుంది, కొందరికి ఏడాది పడుతుంది. లాలాజలం తగ్గడం శాశ్వతంగా ఉండిపోవచ్చు. గ్రంథులను తప్పించి కిరణాలు ఇచ్చే ఐఎంఆర్‌టీ పద్ధతి దీన్ని తగ్గిస్తుంది. బ్రిటన్‌లో 2011లో వెలువడిన ఒక పరీక్షలో ఏడాది తర్వాత నోరు ఎండిపోయే బాధ పాత పద్ధతిలో 74 శాతం మందికి ఉంటే, ఐఎంఆర్‌టీతో 38 శాతానికే మిగిలింది. ఉమ్మి లేని నోట్లో పళ్లు తొందరగా పుచ్చుతాయి, రేడియేషన్ తిన్న దవడ ఎముక నుంచి పన్ను పీకితే పుండు మానకపోవచ్చు. కాబట్టి పుచ్చినవి ఉంటే చికిత్స మొదలుకాక ముందే తీయిస్తారు, ఆ తర్వాత ఫ్లోరైడ్ పేస్టు జీవితాంతం. బరువు తూచడం, నోరు ఎంత తెరుచుకుంటుందో వేళ్లతో కొలవడం మొదటి ఏడాది డాక్టరు దగ్గరికి వెళ్లిన ప్రతిసారీ కొనసాగుతాయి. అన్నం ముద్ద పక్కన నీళ్ల గ్లాసు పెట్టుకుని, ప్రతి ముద్దకూ ఒక గుక్క తాగుతూ తినడం చాలామందికి అప్పటికి అలవాటైపోతుంది.